బాత్రూమ్ కొత్తగా చేయించాక లీకేజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లన్నీ ఒకే వయసువి. పదిహేనేళ్లు దాటగానే ఒకరి తర్వాత ఒకరు బాత్రూములు పగలగొట్టి కొత్తగా చేయించుకోవడం మొదలుపెట్టారు. దాంతోపాటే కింది ఇళ్ల నుంచి ఫోన్లూ మొదలయ్యాయి. కమిటీలో ఉన్న పాపానికి ఆ ఫోన్లు నాకూ వస్తాయి. మూడేళ్ల కిందట మా బాత్రూమే కింది ఇంట్లో కారింది కాబట్టి తిట్లు తిన్న అనుభవమూ ఉంది. అందరూ అడిగేది అవే ప్రశ్నలు. ప్రతిసారీ ఫోన్లో చెప్పలేక ఇలా రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## కారుతోందని తెలిసిన రోజు

కింది ఇంటివాళ్లు ఫోన్ చేసి "మీ బాత్రూమ్ కారుతోంది" అన్నారు. ముందు ఏం చేయాలి?

ఫోన్లో వాదించకుండా వెళ్లి చూడండి. ఫొటోలు తీయండి. సీలింగ్ మీద మరక చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి పక్కన తేదీ, టైమ్ రాయండి. రెండు రోజులయ్యాక మరక ఆ గీత దాటిందో లేదో చూస్తే పెరుగుతోందా, ఆగిందా తెలిసిపోతుంది. ఇంట్లో రెండో బాత్రూమ్ ఉంటే ఇది వాడటం ఆపేయండి. "చూస్తాం లెండి" అని వారం గడిపితే లీకేజీ కన్నా ముందు పొరుగువాళ్లతో సంబంధం పాడవుతుంది.

చుక్కలు లైటు పక్క నుంచే పడుతున్నాయి. ప్రమాదమా?

ప్రమాదమే. ఆ లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాన్, గీజర్ ఉన్న లైన్ల ఎంసీబీలు (కరెంటు బోర్డులో ఒక్కో లైనుకూ ఉండే స్విచ్‌లు) దించేయండి. తడి చేత్తో స్విచ్ ముట్టుకోకండి. ఆర్‌సీసీబీ పదే పదే ట్రిప్ అవుతుంటే అది పాడైందనుకుని పీకించేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కరెంటు ఎక్కడో లీకవుతోందని కనిపెట్టి మనిషికి షాక్ కొట్టక ముందే ఆపడమే దాని పని. ఎలక్ట్రీషియన్ చూసి సరే అనేదాకా ఆ లైన్ ఆఫ్‌లోనే ఉండాలి.

పాత బాత్రూమ్ పదిహేనేళ్లు ఒక్క చుక్క కారలేదు. నెల కిందట చేయించిన కొత్తది ఎలా కారుతుంది?

కొత్తది కాబట్టే. పాత టైల్స్ చెక్కేటప్పుడు సుత్తి, బ్రేకర్ దెబ్బలకు వాటి కింద ఉన్న వాటర్‌ప్రూఫింగ్ పొర చిట్లిపోతుంది. మనం చూసి మురిసేది టైల్స్‌నే గానీ, నీటిని ఆపేది టైల్స్ కాదు, ఆ పొర. ఆ దెబ్బలకే నహానీ ట్రాప్ (నేల నీళ్లు బయటికి పోయే జాలీ కింద ఉండే గిన్నె) జాయింటు కదులుతుంది. పాత జీఐ (ఇనుప) పైపుకు కొత్త సీపీవీసీ (ప్లాస్టిక్) పైపు కలిపిన మరల దగ్గర టెఫ్లాన్ టేపు సరిగ్గా చుట్టకపోవచ్చు. కమోడ్‌ను రెండంగుళాలు పక్కకు జరిపి, అవుట్‌లెట్ పైపును ఎలాగోలా వంచి దూర్చి ఉండవచ్చు. గ్లాస్ పార్టిషన్ నిలబెట్టడానికి నేలలో డ్రిల్ చేసి, అప్పుడే వేసిన కోటింగ్‌కే చిల్లి పెట్టిన సందర్భం మా బ్లాకులోనే ఉంది.

మేం టైల్స్ మీదే టైల్స్ వేయించాం, ఏదీ పగలగొట్టలేదు. అయినా కారుతుందా?

కారుతుంది. నేల ముప్పావు అంగుళం దాకా పైకి లేస్తుంది, పాత ట్రాప్ నోరు మాత్రం కిందే ఉండిపోతుంది. ఆ మధ్య ఖాళీని చాలామంది మేస్త్రీలు సిమెంటు ఇసుకతో పూసేసి పైన కొత్త జాలీ పెడతారు. నీళ్లు జాలీలోకి దిగి, ఆ సందులోంచి పక్కకు పోయి రెండు టైల్స్ పొరల మధ్య చేరతాయి. పైకి ఏమీ కనిపించదు. ఎత్తు పెంచినప్పుడు ట్రాప్‌కు సరైన పైపు ముక్క అతికించి, దాని చుట్టూ కోటింగ్ వేయాలి. టైల్స్ మీద టైల్స్ పని తప్పని నేననను. ఈ ఒక్క జాయింటు దగ్గర మాత్రం పక్కనే నిలబడి చేయించుకోవాలి.

కింద కారడం లేదు, కానీ బాత్రూమ్ పక్కనున్న బెడ్‌రూమ్ గోడ అడుగున పెయింట్ ఉబ్బుతోంది. ఇదీ లీకేజేనా?

అవును. సంకెన్ స్లాబులో (పైపుల కోసం బాత్రూమ్ నేల కింద పల్లంగా వదిలి, ఇటుక ముక్కలతో నింపే చోట) నిలిచిన నీళ్లను గోడ ఇటుకలు పైకి పీల్చుకుంటాయి. పెయింట్ ఉబ్బుతుంది, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది, చేయి పెడితే చల్లగా తగులుతుంది. చెమ్మ నేల నుంచి అడుగు, అడుగున్నర ఎత్తులోనే ఉంటే నేల వైపు అనుమానించండి. కుళాయిల ఎత్తులో మరక ఉంటే గోడలోపలి పైపును అనుమానించండి. గుమ్మం పక్కనే ఉంటే, గడప రాయి కిందకు కోటింగ్ రాకుండా వదిలేసి ఉంటారు. వార్డ్‌రోబ్ వెనక గోడ కూడా ఒకసారి చూడండి, బూజు ముందు అక్కడే పడుతుంది.

## ఎక్కడి నుంచో తేల్చుకునే దశ

ప్లంబర్ వచ్చి రెండు నిమిషాలు చూసి "మొత్తం పగలగొట్టాల్సిందే" అన్నాడు. ఒప్పుకోవాలా?

అప్పుడే వద్దు. కింద చుక్క కనిపించే చోటు, పైన నీరు దిగే చోటు సాధారణంగా ఒకటి కావు. నీరు స్లాబు మీద వాటం ఉన్న వైపు పాకి, సన్న పగులో పైపు చుట్టూ ఉన్న సందో దొరికిన చోట కిందకు దిగుతుంది. మా ఇంట్లో చుక్క కమోడ్ కింద పడుతోందని కమోడ్ పీకించాం. తర్వాత రెండుసార్లు గ్రౌటింగ్ (టైల్స్ సందులు పూడ్చడం) చేయించాం. చివరికి దొంగ నాలుగడుగుల అవతల నహానీ ట్రాప్ దగ్గర దొరికాడు. మూడు రోజులు ఓపిక పట్టి పరీక్షలు చేసుంటే అంత ఖర్చయ్యేది కాదు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు ఏమిటి?

ఒక్కో రోజు ఒక్కటే చేయండి. అన్నీ ఒకే రోజు చేస్తే ఏ నీళ్లు కారాయో తెలియదు.

మొదట బాత్రూమ్ వాడకం పూర్తిగా ఆపి, నీటి వాల్వు మాత్రం తెరిచే ఉంచండి. రెండు మూడు రోజులైనా చుక్క వేగం తగ్గకపోతే గోడలోని సప్లై పైపు మీద అనుమానం. ఆ పైపులో ఎప్పుడూ ప్రెషర్ ఉంటుంది కాబట్టి రాత్రీ పగలూ కారుతుంది. ఇప్పుడు వాల్వు మూసి చూడండి. చుక్క నెమ్మదిస్తే దాదాపు ఖాయం.

వాడకం ఆపగానే చుక్క తగ్గితే నేల, డ్రెయినేజీ వైపు చూడాలి. గుడ్డ ఉండను పాలిథిన్ కవర్లో చుట్టి ట్రాప్ నోటికి బిగించి, నేల మీద అంగుళం ఎత్తున నీళ్లు నింపి ఒక రోజంతా వదిలేయండి. కారితే నేల జాయింట్లు లేదా గోడ, నేల కలిసే మూల. కారకపోతే నేల ఆరాక, తడపకుండా ట్రాప్‌లోకే పైపు పెట్టి నాలుగైదు బకెట్లు పోయండి. అప్పుడు కారితే ట్రాప్ జాయింటు లేదా దాని కింది పైపు.

షవర్ గోడ కోసం, నేల నీళ్లన్నీ నేరుగా ట్రాప్‌లోకి పోయేలా చూసుకుని గోడ మీదే పావుగంట హ్యాండ్ షవర్ కొట్టండి. నీరు కిందకు చేరడానికి కొన్ని గంటలు పట్టవచ్చు, అరగంటకే తీర్పు చెప్పేయకండి.

రంగు నీళ్లతో కనిపెట్టవచ్చంటారు, నిజమేనా?

నిజమే. బట్టలకు వాడే నీలిమందు చాలు. బకెట్ నీళ్లలో బాగా కలిపి అనుమానం ఉన్న చోట ఒక్కచోటే పోయండి. కింద చుక్క నీలంగా వస్తే దారి దొరికినట్టే. నీలం రాకపోతే మాత్రం ఆ చోటు నిర్దోషి అని కాదు. ఇటుక ముక్కల నింపుడులో రంగు వడకట్టుకుపోవచ్చు. తెల్ల సిమెంటు జాయింట్లున్న నేల మీద పోయకండి, ఆ నీలం ఓ పట్టాన పోదు.

నహానీ ట్రాప్ మీదే అందరికీ అనుమానం ఎందుకు?

బాత్రూమ్ నీళ్లన్నీ దాని మీదుగానే పోతాయి. ట్రాప్‌ది నున్నటి ప్లాస్టిక్, చుట్టూ ఉండేది సిమెంటు. ఆ రెండూ గట్టిగా అతుక్కోవు. సన్న సందు చాలు, రోజూ కొన్ని లోటాల నీళ్లు సంకెన్‌లోకి దిగుతాయి. మంచి మేస్త్రీ ట్రాప్ మెడ చుట్టూ గాడి తీసి, కుంచించుకుపోని గ్రౌట్ నింపి, ఫైబర్ జాలీ గుడ్డ పెట్టి పైన కోటింగ్ వేస్తాడు. తొందరపడేవాడు సిమెంటు ముద్ద నొక్కి వెళ్లిపోతాడు.

ప్రెషర్ టెస్ట్ అంటే ఏమిటి? ఎవరు చేస్తారు?

కుళాయి పాయింట్లకు డమ్మీలు బిగించి, చేతి పంపుతో పైపులోకి నీటిని ఒత్తి, మీటరు ముల్లు చూస్తారు. గంట, రెండు గంటలైనా ముల్లు పడిపోకపోతే సప్లై లైను బాగున్నట్టు. ఈ పంపు చాలామంది ప్లంబర్ల దగ్గర ఉంటుంది. లేదంటే పైపుల కంపెనీ డీలర్‌ను అడగండి. ముల్లు పడిపోతుంటే ముందు డమ్మీల దగ్గర తడి ఉందేమో చూడండి, సగంసార్లు తప్పు అక్కడే. గీజర్‌ను లైను నుంచి విడదీశాకే ఈ పరీక్ష చేయాలి.

వేడినీళ్లు వాడినప్పుడే కారుతోంది.

వేడినీళ్ల లైను చూడండి. తెల్ల యూపీవీసీ చల్లటి నీళ్లకే పనికొస్తుంది. వేడినీళ్లకు లేత పసుపు రంగు సీపీవీసీ వేయాలి, దాని సొల్యూషన్ కూడా వేరు. చేతిలో ఉన్న డబ్బాతోనే రెండూ అతికిస్తే జాయింటు కొన్నాళ్లు నిలబడి, వేడికి సాగి ముడుచుకుని వదిలేస్తుంది. డైవర్టర్ (నీళ్లను కుళాయికో షవర్‌కో మళ్లించేది), గీజర్ కనెక్షన్ పైపుల వాషర్లు కూడా చూడండి. అదృష్టం బాగుంటే పని అక్కడితోనే సరిపోతుంది.

ఫ్లష్ కొట్టినప్పుడే కారుతోంది.

కమోడ్ అవుట్‌లెట్ జాయింటు. కమోడ్ తీసి కొత్త కనెక్టర్, రబ్బరు రింగు వేయించాలి. ఆ నీరు మురికిది కాబట్టి ఆలస్యం వద్దు. కమోడ్ చుట్టూ సిలికాన్ పూసేస్తే పైకి తడి కనిపించదు, కింది ఇంట్లో మాత్రం కారుతూనే ఉంటుంది.

వానొచ్చినప్పుడే కారుతోంది.

అయితే మీ రెనోవేషన్‌ది తప్పు కాకపోవచ్చు. బయటి గోడ పగుళ్లు, వెంటిలేటర్ అంచు, డక్ట్‌లోని (అన్ని అంతస్తుల పైపులూ కిందకు దిగే సందులోని) పైపులు చూడండి. పై అంతస్తయితే టెర్రస్ కూడా.

థర్మల్ కెమెరా తెచ్చి చూస్తామంటున్నారు. దండగా?

దండగ కాదు, కానీ అది గోడలోపలి పైపును చూపించదు. ఉపరితలం మీద చల్లగా, వెచ్చగా ఉన్న తేడాను చూపిస్తుంది. వేడినీళ్ల లైను లీకయితే బాగా పనికొస్తుంది. సంకెన్ మొత్తం తడిసి ముద్దయి ఉంటే అంతా ఒకే రంగులో కనిపిస్తుంది.

## రిపేరు చేయించేటప్పుడు

టైల్స్ పగలగొట్టకుండా అయ్యే పని ఏదైనా ఉందా?

కారణాన్ని బట్టి ఉంది. టైల్స్ మధ్య గ్రౌట్ రాలిపోతే పాతది పూర్తిగా గీకేసి ఎపాక్సీ గ్రౌట్ వేయిస్తే సరిపోతుంది. ట్రాప్ అంచు, కమోడ్ కనెక్టర్, యాంగిల్ వాల్వు, హెల్త్ ఫాసెట్ వాషర్లు కూడా పగలగొట్టకుండానే అవుతాయి. గోడలో పైపు చిట్లితే అక్కడి రెండు మూడు టైల్స్ తీస్తే చాలు. కింది పొర మొత్తం దెబ్బతింటే మాత్రం పైన పూసే ఏ మందూ పనిచేయదు.

కింది ఇంటి సీలింగ్‌కు ఇంజెక్షన్ కొట్టించమంటున్నారు. పనిచేస్తుందా?

పగులులోకి పాలీయురేథేన్ ఎక్కిస్తే అది నీటితో కలిసి ఉబ్బి దారి మూస్తుంది. చుక్క ఆగుతుంది. కానీ పైనుంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి కాబట్టి కొన్నాళ్లకు మరో చోట తేలతాయి. ఈలోగా స్లాబులో ఊచలు తడిలోనే నానుతుంటాయి. పైన రిపేరు చేసేదాకా ఊపిరి పీల్చుకోవడానికైతే సరే. అదే రిపేరని చెప్పి డబ్బు తీసుకునేవాళ్లను నమ్మకండి.

మొత్తం పగలగొట్టక తప్పదని తేలింది. ఈసారి పని ఏ వరుసలో చేయించాలి?

టైల్స్, నింపుడు తీసేసి స్లాబు కనిపించేదాకా శుభ్రం చేయించండి. తడిసిన ఇటుక ముక్కలనే మళ్లీ వాడతానంటే ఒప్పుకోవద్దు. స్లాబు రెండు మూడు రోజులు ఆరనివ్వండి. పగుళ్లు, పైపులు గోడ దాటే చోట్లు గ్రౌట్‌తో మూసి, గోడ, నేల కలిసే మూలల్లో సిమెంటుతో గుండ్రంగా గోలా తీయాలి. కోటింగ్ లంబమైన మూలలోనే ముందు చిట్లుతుంది.

తర్వాత స్లాబు మీద మొదటి వాటర్‌ప్రూఫింగ్, దాని మీద నీళ్లు నిలబెట్టి పరీక్ష. అది నెగ్గాకే డ్రెయినేజీ పైపులు, నింపుడు, పైన సిమెంటు గచ్చు. ఆ గచ్చు మీద రెండో వాటర్‌ప్రూఫింగ్, మళ్లీ నీళ్ల పరీక్ష. గోడల మీద చుట్టూ కనీసం అడుగెత్తు, షవర్ వైపు మనిషెత్తు దాటి కోటింగ్ ఎక్కాలి. గడప కిందకు కూడా రావాలి. సంకెన్ అడుగు నుంచి డక్ట్‌లోకి సన్న పైపు ఒకటి పెట్టించండి. ఎప్పుడైనా నీళ్లు లోపల చేరితే కింది ఇంటి సీలింగ్‌కు బదులు డక్ట్‌లో చుక్క కనిపించి హెచ్చరిస్తుంది.

పైపులు ఎక్కడున్నాయో తర్వాత తెలిసేలా, టైల్స్ వేసే ముందు నాలుగు గోడలనూ, నేలనూ కొలత టేపు పెట్టి ఫొటోలు తీసుకోండి.

వాటర్‌ప్రూఫింగ్‌కు ఏ కంపెనీ డబ్బా మంచిది?

అందరూ అడిగేది ఇదే, నిజానికి తక్కువ తేడా తెచ్చేదీ ఇదే. పేరున్న కంపెనీల్లో ఏ సిమెంటు పాలిమర్ కోటింగైనా పనిచేస్తుంది. తేడా చేతిలో ఉంది. పొడి, ద్రవం ప్యాకెట్ మీద రాసిన పాళ్లలోనే కలపాలి, జారుగా ఉండాలని నీళ్లు పోయకూడదు. మొదటి కోటు నిలువుగా కొడితే రెండోది అడ్డంగా కొట్టాలి, మధ్యలో ఆరడానికి రాసినంత టైమ్ ఇవ్వాలి. సీల్ ఉన్న డబ్బాను మీ కళ్లముందే విప్పించండి.

నీళ్లు ఎంతసేపు నిలబెట్టాలి? మేస్త్రీ రెండు గంటలు చాలంటున్నాడు.

చాలవు. కోటింగ్ పూర్తిగా ఆరాక రెండంగుళాల ఎత్తున నీళ్లు నింపి 48 గంటలు ఉంచండి. 24 గంటలకు తక్కువైతే పరీక్షే కాదు. నీటి మట్టం దగ్గర గోడ మీద గీత గీయండి. ఎండకు కాస్త తగ్గడం మామూలే, బాగా తగ్గితే ఎక్కడికో పోతున్నట్టే. కింది ఇంటివాళ్లకు ముందే చెప్పి, రోజుకు రెండుసార్లు సీలింగ్ చూడమనండి. రెండు రోజుల కూలీ పోతుందని మేస్త్రీ గొణుగుతాడు. ఆ కూలీ ఇవ్వండి.

టైల్స్ మీద నీళ్లు ఒక మూల నిలుస్తున్నాయి. దీనివల్ల కూడా లీకవుతుందా?

నీళ్లు నిలిచేకొద్దీ జాయింట్లలోంచి దిగడానికి టైమ్ దొరుకుతుంది. ట్రాప్ వైపు మీటరుకు ఒక సెంటీమీటరుకు తగ్గకుండా వాటం ఉండాలి. టైల్స్ అతికించాక వాటం సరిచేయడం కుదరదు, అందుకే ఆరకముందే ఒక చెంబు నీళ్లు పోసి చూడాలి.

## రిపేరు అయ్యాక

అంతా చేయించి వారమైంది. ఇంకా చుక్క పడుతోంది. డబ్బు బూడిదలో పోసినట్టేనా?

తొందరపడకండి. పైపు జాయింటు మాత్రమే బాగుచేయించి పాత నింపుడు అలాగే ఉంచితే, అందులో నిలిచిన నీళ్లు దిగిపోవడానికి రెండు మూడు వారాలు కూడా పట్టవచ్చు. చూడాల్సింది చుక్క ఉందా లేదా అని కాదు, వేగం తగ్గుతోందా అని. రోజూ ఒకే టైమ్‌కు నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టి రాయండి. అంకె తగ్గుతుంటే ఆగండి. వారమైనా అదే అంకె ఉంటే ప్లంబర్‌ను పిలవండి.

కింది ఇంటి సీలింగ్‌కు పెయింట్ ఎప్పుడు వేయించాలి?

పూర్తిగా ఆరాక. తెలుసుకోవడానికి సులువైన పద్ధతి: మరక మీద జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అతికించి ఒక రోజు ఉంచండి. లోపలి వైపు చెమ్మ పడితే ఇంకా ఆరలేదు. ఆరాక ఉప్పు గీకించి, వదులైన పుట్టీ తీయించి, ప్రైమర్ వేశాకే పెయింట్.

సీలింగ్ పెచ్చులూడి ఊచలు కనిపిస్తున్నాయి.

దీన్ని పెయింటర్‌కు వదలకండి. ఊచ తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి చుట్టూ ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో చూపించి తుప్పు తీయించి, రక్షణ పూత వేయించి, రిపేరు మోర్టార్‌తో పూడ్పించాలి. అప్పటిదాకా ఆ కింద ఎవరూ నిలబడకుండా చూడండి.

## డబ్బులు, మనుషులు

కాంట్రాక్టర్‌కు మొత్తం ఇచ్చేశాం. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

ఫొటోలు, వీడియోలతో వాట్సాప్‌లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ గడువు పెట్టి రాయండి. స్పందించకపోతే 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సమస్య తలెత్తిన రెండేళ్లలోపు కేసు వేయాలి. మీరు చెల్లించింది 5 లక్షల లోపయితే కోర్టు ఫీజు లేదు. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపులు, కొటేషన్ మెసేజీలు సాక్ష్యంగా పనికొస్తాయి. వాటిని డిలీట్ చేయకండి. వేరే మేస్త్రీతో పగలగొట్టించే ముందు ఉన్నదున్నట్టు వీడియో తీయండి.

ఫ్లాట్ కొని మూడేళ్లే అయింది. బిల్డర్‌ను అడగవచ్చా?

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఫ్లాట్ స్వాధీనం చేసిన ఐదేళ్లలోపు నిర్మాణ, పనితనం లోపాలు బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతో బాగుచేయాలి. అయితే బాత్రూమ్ మీరే పగలగొట్టి మార్పించుకుంటే, తప్పు మీ మేస్త్రీదేనని బిల్డర్ అంటాడు. చాలాసార్లు అది నిజం కూడా.

కింది ఇంటి సీలింగ్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

నీళ్లు మీ బాత్రూమ్‌వైతే మీరే. డక్ట్‌లోని ఉమ్మడి పైపుదైతే అసోసియేషన్. అద్దె ఇల్లయితే ఓనర్‌కు మెసేజ్ పెట్టండి, నోటిమాటతో వదలకండి. మా అనుభవంలో పెయింట్ ఖర్చు ముందే ఒప్పుకున్న ఇంట గొడవ రాలేదు.

పై ఇంటివాళ్లు "మాది కాదు" అని తలుపే తీయడం లేదు.

అసోసియేషన్ తరఫున ఇద్దరు, ఇరువైపులా నమ్మే ప్లంబర్ కలిసి వెళ్లి రంగు నీళ్ల పరీక్ష చేయడం మంచిది. నీలం చుక్క కళ్లముందు పడ్డాక వాదన తగ్గుతుంది. అప్పటికీ వినకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో, కేసు వేయక ముందే రాజీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పొరుగువారు మీకు సేవ అమ్మినవారు కాదు కాబట్టి వినియోగదారుల కమిషన్ ఇక్కడ పనికిరాదు. చివరి దారి సివిల్ కోర్టు.

మేం డల్లాస్‌లో ఉంటాం. హైదరాబాద్ ఫ్లాట్ ఖాళీగా ఉంది, అయినా కారుతోందంటున్నారు.

ఖాళీ ఇల్లు కారుతోందంటే సప్లై లైనో, ఉమ్మడి పైపో అయ్యుంటుంది. వాచ్‌మన్‌తో మీ ఫ్లాట్ వాల్వు మూయించి మూడు రోజులు రోజుకో వీడియో పంపమనండి. తాళంచెవి ఒకటి నమ్మకస్తుల దగ్గర ఉంచండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

భారత్ గృహ రక్ష పాలసీలో పైపులు, ట్యాంకులు పగలడం, పొంగడం వల్ల జరిగే నష్టానికి కవర్ ఉంది. నాసిరకం పనితనంతో నెమ్మదిగా ఊరే చెమ్మకు క్లెయిమ్ దొరకడం కష్టం.

పైపుల ఫొటోలు తీసుకోలేదు. ఇప్పుడు టవల్ రాడ్ బిగించాలంటే భయంగా ఉంది.

కుళాయి, షవర్, గీజర్ పాయింట్లకు సూటిగా పైనా కిందా, అడ్డంగా పక్కకూ పైపులు ఉండే అవకాశం ఎక్కువ. ఆ గీతల్లో డ్రిల్ చేయకండి. తేలికపాటి వాటికి అతికించే హ్యాంగర్లు చాలు. తప్పదంటే వాల్వు మూసి, గీజర్ ఆఫ్ చేసి, కుళాయి తిప్పి ప్రెషర్ వదిలేశాక నెమ్మదిగా డ్రిల్ చేయించండి. బిట్‌తో పాటు పొడి దుమ్ముకు బదులు తడి మట్టో, లేత పసుపు ప్లాస్టిక్ తురుమో వస్తే అక్కడే ఆపేయమనండి.